రెండో ఆడమనిషి

హైదరాబాదు
12 జనవరి 2007

ఒసేయ్ ప్రతిభా,

మా కరుణమ్మ అవ్వ పక్కనుంటే "మొదట వందనాలు రాయే" అని నెత్తిన మొట్టేది. వందనాలు తర్వాత. ముందు సంగతి విను. మన బొమ్మల కథకు స్టూడియోలో సరే అన్నారు! టీవీలో వస్తుంది, పదమూడు భాగాలు. కెంపి, నీలి. కెంపి అంటే నేను, నీలి అంటే నువ్వు. ఎర్రకొండల ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లలు, ఎండిపోయిన వాగు ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ పోతారు. అంతే కథ.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు మధ్యలో దూరి నీ కథ మొదలుపెడతావు, పైగా యశ్వంతనగర్ సిగ్నలు నీకు తోడుదొంగ. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా వింటావు.

ఈ మూడేళ్ళూ ఇక్కడ నేనేం పని చేస్తున్నానో నీకు సరిగ్గా చెప్పలేదు, సిగ్గేసి. ఆడ జంతువులకు రెప్పలు గీశాను. నిజంగానే. ఎలుక, కుందేలు, ఒకసారి బస్సు కూడా. మగదైతే ఉన్నదున్నట్టు వదిలేస్తారు. ఆడదైతే కంటికి మూడు రెప్ప వెంట్రుకలు, వాటినే మేం రెప్పలంటాం, నెత్తిన ఒక రిబ్బను. ఐదుగురి గుంపులో ఒక్కతే ఆడది ఉంటుంది. దానికి ఇంకో ఆడదానితో మాట్లాడే అవసరం ఏ భాగంలోనూ రాదు. చూసీ చూసీ విసుగెత్తింది.

అప్పుడే మా అవ్వ సండే స్కూలు ఫ్లానెల్ బోర్డు గుర్తొచ్చింది. వెనక ఫ్లానెల్ గుడ్డ అంటించిన కాగితం బొమ్మలను బోర్డు మీద ఒక్కొక్కటే అద్దుతూ కథ చెప్పేది కదా. చర్చి మిషన్ వాళ్ళిచ్చిన పెట్టెలో చెదలు తినగా మిగిలింది పదకొండు మంది మగవాళ్ళు, నాలుగు గొర్రెలు, ఒక్క ఆడమనిషి. కథలోకి రెండో ఆడమనిషి వస్తే అవ్వ పాపం గొర్రెను అంటించేది. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. బిస్కెట్ల కోసం మా బడికి వచ్చే కోమట్ల పిల్లవి. లేచి నిలబడి "ఆయమ్మ గొర్రె యాలయింది అవ్వా?" అని, ఎందుకయిందో చెప్పమని అడిగావు. మర్నాడే మీ నాన్న విరూపాక్షయ్య గారి బట్టల అంగట్లో చీరల క్యాలెండరు కత్తిరించి, ఫ్లానెల్ ముక్క అంటించి, రెండో ఆడమనిషిని పట్టుకొచ్చావు. నేను బళ్ళారి విడిచే రోజు ఆ క్యాలెండరామెను నాకిచ్చి, మిషన్ ఆమెను నువ్వు ఉంచుకున్నావు. ఇప్పుడూ ఆమె నా టేబుల్ మీదే ఉంది.

కథ బొమ్మల కట్ట ఒకటి పంపుతున్నాను. మీ బడి ఆడపిల్లలకు చదివి చూపించు. మీ ఊరి ఎర్రమట్టి ఒక పొట్లం పంపు, కొండ రంగు సరిగ్గా కలపాలి. ఇంక ఒక్క అడ్డం ఉంది. స్పాన్సర్ దొరకాలి. దొరక్కపోతే కట్ట కట్టి అటక మీద పడేస్తారు.

ఇప్పుడు వందనాలు.

లోయిస్


యశ్వంతనగర్
3 ఫిబ్రవరి 2007

లోయిస్‌కు,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోతే చేయి ఆగింది. దుమ్ము మాత్రం క్షేమంగా ఉంది. మట్టి పొట్లం అడిగావు. పొట్లం దేనికే, ఈ ఉత్తరమే దులుపుకో. పెరుగు తోడుపెడితే తెల్లారేసరికి మీగడ ఎర్రగా కడుతుంది. ముక్కు చీదితే ఇటుకపొడి. ఖనిజం లారీలు ఒకదాని తోక పట్టుకొని ఒకటి పోతుంటే రోడ్డు దాటడానికి మా పిల్లలు అరగంట నిలబడతారు. చైనాలో ఏవో ఆటల పండగంట, దానికి ఇనుము కావాలంట, అందుకని మేము మట్టి తింటున్నాం.

మా ఆయన శరణ్ ఎవరి లారీలు చూసుకుంటాడో, ఆ గాళెప్ప గారి సంగతి రాయాలి నీకు. ఆరేళ్ళ కిందట ఇంకొకరి లారీ తోలిన మనిషి. ఇప్పుడు గనికి యజమాని. కొత్త ఇంటి ముందు రెండు పాలరాతి ఏనుగులు పెట్టించాడు. వాటి మీద దుమ్ము తుడవడానికే ఇద్దరు మనుషులు. తుడిచి తుడిచి ఏనుగులకు చెవులు అరిగిపోతాయని మా ఆయనతో అంటే నవ్వలేదు. ఈ మధ్య నవ్వడం మానేశాడు.

బొమ్మలు పిల్లలకు చూపించాను. ఐదో తరగతిలో యంకమ్మ అని ఒకతె ఉంది, తల్లి సుత్తితో ఖనిజం రాళ్ళు కొడుతుంది. "నీలి నా మాదిరే కొట్లాడతాది టీచరమ్మా" అని ఎగిరింది. నాలుగో భాగంలో కెంపి, నీలి పోట్లాడుకొని మాట్లాడుకోరు చూడు, అక్కడ క్లాసంతా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ కలిశాక యంకమ్మ అడిగింది: "ఇట్లా కొట్లాడి మళ్ళా మాట్లాడేది టీవీలో సూపిస్తారా? టీవీలో ఆడోళ్ళు పాలల్లో విషం కదా కలిపేది?"

నాకు నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది. పదేళ్ళ పిల్లకు ఆడవాళ్ళంటే తెలిసింది ఇదా?

లోయిస్, ఈ కథ టీవీలో రావాలి. తప్పకుండా రావాలి. స్పాన్సర్ గురించి దిగులుపడొద్దు. నీ దేవుడో నా దేవుడో ఎవరో ఒకరు దారి చూపిస్తారు.

ప్రతిభ


హైదరాబాదు
18 జూన్ 2007

ప్రతిభా,

ఛీ అనే మాటతో ఉత్తరం మొదలుపెట్టకూడదంటారు గానీ, ఛీ.

స్పాన్సర్ దొరికాడు. మన బళ్ళారి వైపు గని యజమానేనంట, పేరు మాకు చెప్పలేదు. మొదటి మీటింగులో కొండలు పచ్చగా ఉండాలన్నారు. ఎర్రగా ఉంటే చూసేవాళ్ళకు గని గుర్తొస్తుందంట. నీ ఉత్తరం దులిపి పట్టిన మట్టితో కలిపిన రంగును చెత్తబుట్టలో వేశాను. రెండో మీటింగుకు ఎవరో పాప ఫోటో వచ్చింది, స్పాన్సర్ గారి కూతురంట. కెంపి ఆ పాపలా తెల్లగా, గులాబి గౌనులో ఉండాలంట. వాగు వెతికే పిల్లకు గౌను! నోరు మూసుకొని గీశాను.

మూడో మీటింగులో మా ప్రొడ్యూసర్ "స్ట్రాంగ్ ఫిమేల్ క్యారెక్టర్ ఒకటి చాలు, రెండుంటే పలచబడుతుంది" అన్నాడు. మజ్జిగలో నీళ్ళా, పలచబడటానికి? ఇప్పుడు కెంపి ఒక్కతే పదిమంది రౌడీలను తంతుంది. ఎందుకు తంతుందో ఎవరికీ అక్కర్లేదు. వీళ్ళ లెక్కలో బలమైన ఆడపిల్ల అంటే పక్కన ఇంకో ఆడపిల్ల లేనిది. అమ్మ లేదు, అక్క లేదు, సావాసగత్తె లేదు.

మరి నీలి? చెప్పడానికి నోరు రావడం లేదు. నీలిని ఉడుతను చేశారు. మాట్లాడే ఉడుత. కెంపి భుజం మీద కూర్చొని ప్రతి మాటకూ "ఔనక్కా! ఔనక్కా!" అంటుంది. పిల్లలు పడిపడి నవ్వుతారంట.

మా అవ్వ గతిలేక గొర్రెను పెట్టింది. వీళ్ళ దగ్గర కంప్యూటర్లున్నాయి, బొమ్మలు గీసే మనుషులు నలభై మంది ఉన్నారు. రెండో ఆడపిల్లకు మాత్రం గతి లేదు. మార్పులన్నీ నాకు సమ్మతమేనని సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే నీలి నీలిగానే ఉంటుంది, కానీ స్పాన్సర్ వెళ్ళిపోతాడు. చూస్తాను.

లోయిస్


యశ్వంతనగర్
2 జూలై 2007

లోయిస్,

ఉడుతా? నేనా? నలభై మంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషిని ఉడుతనా?

పుట్టినప్పటి నుంచి ఎవరితోనైనా "ఔను" అని ఊరికే అన్నానా నేను? మా అమ్మ వరలక్ష్మమ్మను అడుగు. సండే స్కూలుకు పోవద్దే అని వాకిట్లో అడ్డం కూర్చుంటే గోడ దూకి వచ్చాను. ఆ సంగతి రెండో భాగంలో నువ్వే గీశావు, నీలి గోడ దూకేది. ఆ గోడ కూడా ఉడుతే దూకిందా?

సంతకం పెట్టొద్దు. అటక మీద పడినా సరే, ఉండనీ. పెడితే నా ముఖం చూడొద్దు. ఆ స్పాన్సర్ ఎవరని ఆరా తీస్తూ కూర్చోకు, దానివల్ల ఏం లాభం?

ప్రతిభ


హైదరాబాదు
9 ఆగస్టు 2007

ప్రతిభ గారికి,

ఈ రోజు స్పాన్సర్ ఫైలు నా చేతికి వచ్చింది. పేరు గాళెప్ప. లోపల, నేను జనవరిలో మీకు పంపిన బొమ్మల కట్ట ఉంది. అట్ట మీద కుంకుమ మరక. మొదటి పేజీలో "నా చిన్ననాటి స్నేహితురాలి కథ, దయచేసి చూడగలరు" అని రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు నాకు రెండో తరగతి నుంచి తెలుసు.

నన్ను ఆరా తీయొద్దన్నది ఇందుకన్నమాట. తూ!

లోయిస్


యశ్వంతనగర్
30 ఆగస్టు 2007

లోయిస్,

గారా? సరే, పడతాను. పడాల్సిందే.

అవును, నేనే ఇచ్చాను. ఫిబ్రవరిలో గాళెప్ప గారి గృహప్రవేశం. ఉత్తచేతులతో పోకూడదు కదా. మా నాన్న అంగడి నుంచి రవికె గుడ్డ, ఆకువక్క, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టుకొని, వాటి కింద నీ కట్ట పెట్టి ఆయన భార్య చేతికిచ్చాను. మన పనులన్నీ అట్లాగే కదా జరిగేది. మగవాడిని అడిగితే మాట పడతాం, ఇంటామె చేతిలో తాంబూలంతో పెడితే కాదనరు. ఆమె ఆ పళ్ళెం పళ్ళెంగా తీసుకెళ్ళి మొగుడి ముందు పెట్టింది. నీకు చివర్లో చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. చూడు నా తెలివి.

ఆయన వేలు నాలుకకు అద్దుకొని ఒక్కో పేజీ తిప్పాడు. నీ బొమ్మల మీద ఆ ఎంగిలి వేలు పడుతుంటే చూస్తూనే ఉన్నాను. అయినా నవ్వుతూ నిలబడ్డాను. నాలుగు పేజీలు తిప్పి, "బాగుండాదమ్మా. మా పాప మాదిరి గీయమను. ఇద్దరు పిల్లోళ్ళు యాలమ్మా, ఒకరు సాలు కదా?" అన్నాడు. పక్కన శరణ్ నా మోచేయి నొక్కాడు.

నేనేమన్నానో తెలుసా? "ఔనన్నా" అన్నాను.

జూలైలో నీకు అన్ని మాటలు రాశాక ఇది గుర్తొచ్చింది. కాదు, అబద్ధం. రాసేటప్పుడే గుర్తుంది. ఆ ఉడుత నోట్లో మాట వాళ్ళు పెట్టింది కాదే, నేనే పంపించింది. నన్ను చూస్తే నాకే రోత పుడుతోంది.

ఇప్పుడు నీ సంగతి. జూన్‌లో "చూస్తాను" అని రాశావు. నీ "చూస్తాను" నాకు తెలుసు. బిస్కెట్ తినేసి, మూతి తుడుచుకొని, "తినాలో వద్దో చూస్తాను" అనేదానివి. సంతకం ఎప్పుడు పెట్టావు?

ప్రతిభ


హైదరాబాదు
20 అక్టోబరు 2007

ప్రతిభా,

జూన్ పదకొండున. నీకు ఉత్తరం రాయడానికి వారం ముందే.

ఎదురు తిరిగే దానిలాగా అంత పెద్ద ఉత్తరం రాసి నిన్ను నమ్మించాను. పెట్టకపోతే మళ్ళీ ఎలుకల రెప్పల దగ్గరికి పంపుతామన్నారు. నాకు భయమేసింది. అంతకంటే చెప్పుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ ఉడుతను గీసింది నేనే. ఇంకెవడో గీస్తే మరీ ఛండాలంగా గీస్తాడు, నేనైతే నీ పోలిక కొంచెమైనా ఉంచుతాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ముక్కు పెట్టాను. కళ్ళు గీశాక చూస్తే ఒక్కో కంటికి మూడేసి రెప్పలు. ఎవరూ అడగలేదు. చేయి దానంతట అదే గీసేసింది. బాత్రూములోకి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

క్యాలెండరామెను ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. ఆమె టేబుల్ మీద నిలబడి నన్ను చూస్తుంటే తల ఎత్తలేకపోతున్నాను. వెనక ఫ్లానెల్ అరిగిపోయింది, మీ నాన్న అంగడి ముక్క ఒకటి అంటించు.

నవంబరులో మొదటి భాగం టీవీకంటే ముందు మీ బడిలోనే చూపిస్తారంట. గాళెప్ప గారి కోరిక. చూడకపోతే మేలు.

లోయిస్


యశ్వంతనగర్
5 డిసెంబరు 2007

లోయిస్,

చూశాను. ముందు వరసలో కూర్చోబెట్టి చూపించారు.

బడి ఆవరణలో షామియానా వేశారు. పిల్లలందరికీ బ్యాగులు పంచారు, గులాబి రంగువి. వాటి మీద పెద్ద ఉడుత, కింద గని పేరు. అరవై మంది ఆడపిల్లలు నన్ను వీపున వేసుకొని వరసగా కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. పచ్చటి కొండలు! ఆ తెర మీద కూడా ఎర్రదుమ్ము వాలుతోంది, ఒకతను గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచేకొద్దీ కొండ మళ్ళీ ఎర్రబడుతోంది. ఉడుత "ఔనక్కా" అన్నప్పుడల్లా గాళెప్ప గారు తొడ చరిచి నవ్వాడు.

మధ్యలో యంకమ్మ లేచి నిలబడింది. "టీచరమ్మా, నీలి యాడ?" అని గట్టిగా అడిగింది.

గాళెప్ప గారు వెనక్కి తిరిగి, "నీలి ఎవరమ్మా?" అని నన్నడిగాడు. శరణ్ నావైపే చూస్తున్నాడు. నేను నోరు తెరవలేదు. యంకమ్మ కాసేపు నిలబడి, నా ముఖం చూసి, కూర్చుంది. ఆ చూపు నీకు చెప్పలేను. లారీ కింద పడినా అంత సిగ్గేయదు.

మర్నాడు మీ అవ్వ బోర్డు తీసుకొని క్లాసుకు పోయి, బడి ఆడపిల్లలందరినీ పోగేశాను. ఆమె పోయినప్పుడు మీ వాళ్ళు నాకిచ్చింది, బీరువా వెనక ఉంచుకున్నాను. మిషన్ ఆమెను, నీ క్యాలెండరామెను పక్కపక్కన అంటించి అంతా చెప్పాను. గొర్రె సంగతి, నీ రెప్పల సంగతి, తాంబూలం సంగతి. నేను "ఔనన్నా" అన్నదీ, నువ్వు సంతకం పెట్టిందీ దాచలేదు. "ఆ ఉడుతే నీలి. మేమిద్దరం కలిసి దాన్ని ఉడుతను చేశాం" అన్నాను. చివరికి యంకమ్మే, "మళ్ళా పిల్లను చేసేకి కాదా టీచరమ్మా?" అంది. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

ఆ తర్వాతి సోమవారం గని వాళ్ళ ఫోటోగ్రాఫరు వచ్చాడు, బ్యాగులతో పిల్లల ఫోటోలు తీయడానికి. ఆడపిల్లలను వెనక్కి తిప్పి నిలబెట్టాడు. నిలబెట్టి, కెమెరా దించేశాడు. మా హెడ్‌మిస్ట్రెస్ కొట్రమ్మ మేడం పరుగున వచ్చింది. బ్యాగు బ్యాగు మీదా ఉడుతకు రెండు జడలు! నల్ల పెన్నుతో, బొగ్గుతో, ఏది దొరికితే దానితో. తోకను చెరిపి లంగా వేశారు. చేతికి గాజులు, ఒకతెకైతే చేతిలో రాయి. గని పేరు మీద ఎర్రమట్టి తడిపి పూసి, పైన "నీలి" అని రాశారు.

సాయంత్రానికి గాళెప్ప గారే ఫోన్ చేశాడు. చానా మర్యాదగా, "పిల్లోళ్ళు తెలీక చేసినారు కదమ్మా?" అన్నాడు. నాకు దారి చూపిస్తున్నాడన్నమాట. ఒక్క మాట అంటే అయిపోతుంది. శరణ్ ఎదురుగా నిలబడి తల ఊపుతున్నాడు, అనమని.

"కాదన్నా, తెలిసే చేసినారు. నేనే చెప్పినా" అన్నాను.

జనవరి నుంచి నన్ను బడికి రావద్దన్నారు. శరణ్ మాట్లాడటం లేదు. పిల్లలు ఆదివారాలు ఇంటికే వస్తున్నారు, బోర్డు వరండాలో పెట్టాను. చెదలు తినగా మిగిలిన పదకొండు మంది మగవాళ్ళూ పెట్టెలోనే ఉన్నారు, వాళ్ళను ఎవరూ అడగడం లేదు.

నీ మీద నాకు రోత పోలేదు లోయిస్. నా మీద అసలే పోలేదు. మనది ఇంకా నాలుగో భాగమే, ఎన్నాళ్ళు నడుస్తుందో చూద్దాం. కానీ ఒక్క పని చెయ్. మిగిలిన పన్నెండు భాగాల్లో నీ పేరు ఉంటుందో ఉండదో తేల్చి రాయి, "చూస్తాను" అని మాత్రం రాయకు.

యంకమ్మ తన బ్యాగు మీది బొమ్మ కత్తిరించి నీకు పంపమంది. కవరులో ఉంది. బాగా చూడు. నువ్వు గీసిన ఆ మూడేసి రెప్పలను బ్లేడుతో గీకేసింది. మిగతా వాళ్ళవీ చూశాను. అరవై బ్యాగుల మీద జడలున్నాయి, గాజులున్నాయి. రెప్పలు ఒక్కదానికీ లేవు.

ప్రతిభ